ఆన్‌లైన్ వేలంలో ముగింపు గడియ: అమ్మకందారు కాలనిర్ణయంపై ఒక వివరణ

వ్యాససంగ్రహం:

ఆన్‌లైన్ వేలంలో వస్తువును ఏ రోజున, ఏ గంటకు పెట్టాలని అడిగితే ‘కొనేవారు ఎక్కువగా ఉండే సమయంలో’ అన్న సమాధానం అందరికీ తోచేదే. ఆ సమాధానంలో సగం నిజమే ఉందని ఈ వ్యాసం వివరిస్తుంది. వేలం ఎలా ముగుస్తుందో చెప్పే నియమం, ముగింపు వేళకు అందుబాటులో ఉండే పాటదారులు, అదే వేళను ఎంచుకున్న తోటి అమ్మకందార్లు అనే మూడు అంశాలు కలిసి సరైన సమయాన్ని నిర్ణయిస్తాయి. ఈబే వేలాలపై జరిగిన ప్రసిద్ధ పరిశోధనలను ఆధారంగా చేసుకొని ఈ మూడింటి పరస్పర సంబంధాన్ని పరిశీలించడం, వేలానికి సంబంధించిన తెలుగు పదజాలం ఈ కొత్త ప్రక్రియను వివరించడానికి ఎంతవరకు పనికివస్తుందో చూపడం, వ్యవసాయ మార్కెట్ యార్డులకు ఈ చర్చ ఎంతవరకు వర్తిస్తుందో తేల్చడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలకపదాలు: వేలం, హర్రాజు, పాటదారు, ముగింపు నియమం, రెండవ ధర వేలం, చివరి నిమిషపు పాట, పోటీ విస్మరణ, మార్కెట్ యార్డు.

1. ఉపోద్ఘాతం:

అమెరికాలో పియర్ ఒమిడ్యార్ 1995 సెప్టెంబరులో ‘ఆక్షన్‌వెబ్’ పేరుతో ఒక వేలం వేదికను ప్రారంభించాడు. అందులో తొలినాళ్ళలో అమ్ముడైన వస్తువు పాడైపోయిన ఒక లేజర్ పాయింటర్. దానికి 14.83 డాలర్ల ధర పలికింది. ఆ వేదికే 1997లో ‘ఈబే’ అయింది. పనికిరాదనుకున్న వస్తువుకు కూడా ఎక్కడో ఒకచోట కొనేవాడు ఉంటాడని ఆ అమ్మకం తెలియజేసింది. అయితే ఆ కొనేవాడు ఏ వేళకు కంప్యూటరు ముందు ఉంటాడన్నది అమ్మేవారికి తెలియదు. ఆన్‌లైన్ వేలంలో కాలనిర్ణయం అనే సమస్య ఇక్కడే మొదలవుతుంది.

సంతలో అమ్మేవాడికి ఎదుట జనం కనబడతారు. జనం పలుచగా ఉంటే కాసేపు ఆగుతాడు. ఆన్‌లైన్ అమ్మకందారుకు ఆ అవకాశం లేదు. వేలం మొదలు పెట్టేనాడే దాని ముగింపు గడియను కూడా నిర్ణయించాలి. కనబడని జనాన్ని ఊహించి తీసుకోవలసిన నిర్ణయం కనుకనే ఇది ఆర్థికశాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది.

2. వేలం, హర్రాజు, పాట:

తెలుగులో ఈ ప్రక్రియకు రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ‘వేలం’ అన్న మాట పోర్చుగీసు భాషలోని ‘లెయిలావ్’ నుంచి వచ్చిందని భాషావేత్తల అభిప్రాయం. తమిళంలోని ‘ఏలం’, మలయాళంలోని ‘లేలం’, హిందీలోని ‘నీలామ్’ కూడా ఈ కుదురుకు చెందినవే. రెండవ మాట ‘హర్రాజు’ అరబీ మూలం కలిగినది, ఉర్దూ ద్వారా తెలుగులోకి చేరి తెలంగాణ వ్యవహారంలోను, కోర్టు భాషలోను నిలిచింది. ఒకటి సముద్ర వర్తకం వెంట వస్తే మరొకటి పరిపాలన వెంట వచ్చిందన్నమాట.

పేర్లు బయటి నుంచి వచ్చినా, ప్రక్రియలోని క్రియలకు తెలుగు సొంత మాటలనే వాడుకుంది. కొనేవాడు చెప్పే ధర ‘పాట’. చెప్పేవాడు ‘పాటదారు’. అందరికంటె ఎక్కువ చెబితే ‘హెచ్చుపాట’. వస్తువు దక్కితే ‘పాట పాడుకున్నాడు’ అంటాం. ఈ మాటలన్నీ గొంతుకు సంబంధించినవి. వేలం అంటే నలుగురి ఎదుట గొంతెత్తి ధర చెప్పడమన్న అనుభవం ఈ పదజాలంలో స్థిరపడింది. గొంతు లేని ఆన్‌లైన్ వేలంలో ఏమి మారిందో గుర్తించడానికి ఈ పదాలే మంచి ఆధారం. అందుచేత ఈ వ్యాసంలో కూడా వాటినే వాడడం జరిగింది.

3. నోటి వేలంలో ముగింపు:

నోటి వేలంలో పాట పెరుగుతున్నంతసేపూ వేలం సాగుతుంది. ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అన్నాక కూడా ఎవరూ పలకకపోతేనే ముగుస్తుంది. అంటే ముగింపును నిర్ణయించేది పాటదారుల మౌనం.

ఈ పద్ధతిలో అమ్మేవారు ఎంచుకోవలసింది జనం కూడే వేళను మాత్రమే. హైదరాబాదు శివారులోని బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం ఇందుకు చక్కని ఉదాహరణ. 1994లో 450 రూపాయలతో మొదలైన ఈ వేలంలో ఇటీవలి సంవత్సరాలలో పాట 30 లక్షల రూపాయలు దాటింది. నిమజ్జనం నాటి ఉదయం, శోభాయాత్ర సాగర్ వైపు కదలడానికి ముందు, ఊరంతా కూడి ఉన్నప్పుడు ఈ వేలం జరుగుతుంది. భక్తి, ప్రతిష్ఠ, పోటీ అన్నీ ఒకచోట చేరే వేళ అది. ఆ గంటకు ఆ జనసమూహం ముందు మరొక లడ్డూ వేలంలో ఉండదు. ఈ చివరి అంశం సామాన్యంగా కనిపించినా, ముందు జరగబోయే చర్చకు ఇదే కీలకం.

మౌనానికి బదులు కాలమే ముగింపును నిర్ణయించే పద్ధతి కూడా ప్రాచీనమైనదే. 17వ శతాబ్దపు ఇంగ్లండులో అంగుళం పొడవు కొవ్వొత్తిని వెలిగించి, అది ఆరిపోయే క్షణానికి ఎవరి పాట చివరిదైతే వారికి వస్తువును ఇచ్చేవారు. శామ్యూల్ పెపీస్ 1662లో రాసుకున్న దినచర్యలో అటువంటి వేలం ప్రస్తావన ఉంది. ఒక పాటదారు తక్కినవారికంటె నేర్పుగా చివరి క్షణాన్ని పట్టుకోగలిగాడు. వత్తి ఆరే ముందు పొగ కిందికి దిగడాన్ని గమనించి, ఆ గుర్తుతో తాను పాట చెబుతున్నానని అతడు పెపీస్‌కు తెలిపాడు. ముగింపును కాలానికి అప్పగిస్తే పాటదారుల తెలివి అంతా చివరి క్షణం మీదికే మళ్ళుతుందని ఈ సంఘటన తెలుపుతుంది.

4. గడియారంతో ముగిసే వేలం:

ఈబే వేలం ఆ కొవ్వొత్తి వేలానికి వారసురాలు. అమ్మకందారు 1, 3, 5, 7, 10 రోజుల వ్యవధులలో ఒకదాన్ని ఎంచుకుంటాడు. ఏ గంటకు మొదలైతే, ఎంచుకున్న రోజుల తరువాత అదే గంటకు వేలం ముగుస్తుంది. ఆదివారం సాయంత్రం 6 గంటలకు పెట్టిన 7 రోజుల వేలం మరుసటి ఆదివారం సాయంత్రం 6 గంటలకు ముగుస్తుంది. కాబట్టి ప్రారంభ సమయాన్ని ఎంచుకోవడమంటే నిజానికి ముగింపు సమయాన్ని ఎంచుకోవడమే. ప్రారంభాన్ని ముందుగా షెడ్యూలు చేసుకునే వీలు ఉన్నది కూడా ఇందుకే.

ధర ఏర్పడే తీరును కూడా గమనించాలి. పాటదారు తాను ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని నమోదు చేస్తాడు. ఆ మొత్తం ఇతరులకు కనబడదు. వేదిక అతని తరఫున అవసరమైన మేరకే పాట పెంచుతూ పోతుంది. ఒకరు 1,000 రూపాయలు, మరొకరు 700 రూపాయలు నమోదు చేస్తే, మొదటివారికి వస్తువు 700 రూపాయల మీద ఒక మెట్టు ధరకు దక్కుతుంది. విలియం విక్రీ 1961లో విశ్లేషించిన రెండవ ధర వేలానికి ఇది దగ్గరి రూపం. ఆయనకు 1996లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది.

ఇందులో అమ్మకందారు గ్రహించవలసిన విషయం ఒకటుంది. ధరను నిర్ణయించేది గెలిచినవాడు కాదు, అతని వెనుక ఉన్న రెండో మనిషి. 1,000 రూపాయలు ఇవ్వడానికి సిద్ధపడినవాడు ఒక్కడే ఉండి, రెండో మనిషి లేకపోతే వస్తువు ప్రారంభ ధరకే పోతుంది. వేలంలో మరొక పాటదారు చేరడం వల్ల కలిగే లాభం, ఉన్నవారితోనే ఎంత నేర్పుగా బేరమాడినా రాదని జెరెమీ బ్యూలో, పాల్ క్లెంపరర్ 1996లో కొన్ని సాధారణ పరిస్థితులకు లోబడి నిరూపించారు. కాబట్టి మంచి ముగింపు గడియ అంటే ఆ రెండో మనిషి, వీలైతే మూడో మనిషి కూడా, అందుబాటులో ఉండే గడియ.

5. చివరి నిమిషపు పాట:

పాటదారు ముందుగానే తన గరిష్ఠ మొత్తాన్ని నమోదు చేసి ఊరుకోవచ్చు కదా, అప్పుడు ముగింపు ఏ వేళకైతే ఏమిటి అన్న ప్రశ్న సహజం. సిద్ధాంతం ప్రకారం అది సరైనదే. వ్యవహారం మాత్రం వేరుగా ఉన్నట్లు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధన వెల్లడించింది.

వారు ఈబేను, 1999లో మొదలై కొన్నేళ్ళకు మూతపడిన అమెజాన్ వేలం విభాగాన్ని పోల్చి చూశారు. ఈబేలో నిర్ణీత గడియకు వేలం ముగిసిపోతుంది. అమెజాన్‌లో ముగింపు సమీపిస్తుండగా కొత్త పాట వస్తే గడువు పెరుగుతుంది. చివరి పాట తరువాత 10 నిమిషాలు మౌనంగా గడిస్తేనే వేలం ముగుస్తుంది. అంటే అమెజాన్ అనుసరించినది మన ‘మూడోసారి’ పద్ధతినే. ఫలితాలలో తేడా స్పష్టంగా ఉంది. చివరి పాట ఆఖరి 5 నిమిషాలలో పడిన వేలాలు ఈబే కంప్యూటర్లలో 40 శాతం, ఈబే పురాతన వస్తువులలో 59 శాతం. అమెజాన్‌లో రెండు రకాల వస్తువులలోనూ సుమారు 3 శాతమే.

పురాతన వస్తువులలో ఈ ధోరణి ఎక్కువగా ఉండడానికి కారణం ఉంది. ఒక వస్తువు అరుదైనదని గుర్తించగలిగినవాడు ముందుగా పాట పెడితే, ఆ పాటే తక్కినవారికి సమాచారమవుతుంది. అందువల్ల ఎరిగినవాడు చివరి క్షణం దాకా మౌనంగా ఉంటాడు. ఒక్కొక్క మెట్టే పాట పెంచుతూ పోయే అనుభవం లేని పాటదారుతో పంతానికి దిగకుండా తప్పించుకోవడం మరొక కారణం. ఈ చివరి నిమిషపు పాటకు ‘స్నైపింగ్’ అన్న పేరు స్థిరపడింది.

అమ్మకందారు దృష్టిలో దీని అర్థం ఏమిటి? వ్యవధి 7 రోజులైనా ధరలో ముఖ్యమైన భాగం చివరి కొన్ని నిమిషాలలో తేలుతుంది. ఆ నిమిషాలలో తన పాటను ఎవరో దాటారని తెలిసి మళ్ళీ పెంచాలంటే పాటదారు మెలకువగా, తీరికగా ఉండాలి. గడువు పెరిగే వేలాలలో ముగింపు గడియకు ఇంత ప్రాముఖ్యం లేదు. ప్రభుత్వ భూముల ఇ-వేలాలలో సాధారణంగా పొడిగింపు నియమాన్ని పాటించడంలోని ఉద్దేశం కూడా ఇదే. కాబట్టి ‘ఏ సమయం మంచిది’ అని అడగడానికి ముందు ‘ఈ వేలం ఎలా ముగుస్తుంది’ అని అడగాలి.

6. రద్దీ గడియలోని చిక్కు:

పై చర్చ అనుసరించి, కొనేవారు అత్యధికంగా ఉండే సాయంత్రమే ఉత్తమమని తేలినట్లు అనిపిస్తుంది. అమ్మకందార్లలో చాలామంది నమ్మకం కూడా అదే. యూరి సైమన్‌సన్ 2010లో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని పరీక్షించింది. ఈబేలో పాటలు జోరుగా పడే సాయంత్రపు గంటలలో, పాటదారుల సంఖ్యకు మించిన నిష్పత్తిలో వేలాలు ముగుస్తున్నాయని ఆయన గుర్తించాడు. ఆ గంటలలో వస్తువు అమ్ముడయ్యే అవకాశమూ, పలికే ధరా రెండూ తగ్గాయి.

ఇది ఎలా జరుగుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఒకే రకం వస్తువు కోసం సాయంత్రం 300 మంది చూస్తున్నారనుకుందాం. ఆ గంటలో 60 వేలాలు ముగుస్తుంటే ఒక్కొక్క వేలానికి సగటున ఐదుగురు. ఉదయం 120 మందే చూస్తున్నా 15 వేలాలే ముగుస్తుంటే ఒక్కొక్క దానికి ఎనిమిదిమంది. జనం సాయంత్రం ఎక్కువ, ఒక్కొక్క అమ్మకందారు వాటా ఉదయం ఎక్కువ.

వస్తువు కంటబడే విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. 2008 వరకు ఈబేలో అన్వేషణ ఫలితాలు ముగింపు సమీపించిన క్రమంలో కనిపించేవి. ఆ తరువాత కూడా కొనేవారు ఆ క్రమాన్ని ఎంచుకోవచ్చు. ఒక పుటలో 50 వస్తువులు కనిపిస్తాయనుకుంటే, గంటకు 50 వేలాలు ముగిసే వేళ ఒక వస్తువు చివరి గంటంతా మొదటి పుటలో నిలుస్తుంది. గంటకు 200 వేలాలు ముగిసే వేళ అది 15 నిమిషాలు మాత్రమే నిలుస్తుంది.

ఇతరులు కూడా తనలాగే ఆలోచిస్తారన్న సంగతిని లెక్కలోకి తీసుకోకపోవడాన్ని ‘పోటీ విస్మరణ’ అనవచ్చు. సైమన్‌సన్ పరిశోధనలో ఆలోచింపజేసే అంశం మరొకటి ఉంది. సమయాన్ని బుద్ధిపూర్వకంగా ఎంచుకొని ఉండగల అమ్మకందార్లలోనే ఈ ధోరణి ఎక్కువగా కనిపించింది. అంటే ఇది అజాగ్రత్త వల్ల జరిగే పొరపాటు కాదు, ఆలోచన ఒక మెట్టు దగ్గర ఆగిపోవడం వల్ల జరిగేది. కొనేవారిని ఊహించినవారు తోటి అమ్మకందార్లను ఊహించలేదు. బాలాపూర్ లడ్డూకు రద్దీ కలిసివస్తున్నదంటే అక్కడ రెండో లడ్డూ లేకపోవడమే కారణం. వస్తువు అరుదైనకొద్దీ రద్దీ గడియ మేలు చేస్తుంది. సాధారణమైనకొద్దీ అదే గడియ నష్టం చేస్తుంది.

7. వ్యవధి, ప్రాంతకాలం: ఒక అన్వయం

వ్యవధి విషయంలో డేవిడ్ లకింగ్-రైలీ, ఆయన సహ పరిశోధకులు 2007లో ప్రచురించిన వ్యాసం ముఖ్యమైనది. అమెరికా పాత పెన్నీ నాణేల ఈబే వేలాలను పరిశీలించి, ఎక్కువ రోజులు సాగిన వేలాలు సాధారణంగా ఎక్కువ ధర తెచ్చాయని వారు చూపారు. ప్రత్యేకమైన వస్తువు కోసం వెతికేవాడు రోజూ వెతకడు. వారానికి ఒకసారి చూసేవాడి కంటికి 3 రోజుల వేలం అసలు కనబడకుండానే ముగిసిపోవచ్చు. 7 రోజుల వేలం వారంలోని ప్రతి రోజునూ ఒకసారి తాకుతుంది, 10 రోజుల వేలం ఏ వారంలో మొదలైనా ఒక శని, ఆదివారాలను తప్పక కలుపుకుంటుంది.

ఇక ప్రాంతకాలం. ఈబే భారతదేశపు విభాగం 2018లో మూతపడింది. అయినా అమెరికా, బ్రిటన్ విభాగాలలో భారతీయ తపాలా బిళ్ళలు, నాణేలు, పాత పుస్తకాలు వేలానికి వస్తూనే ఉన్నాయి. 1975 ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంగా భారత తపాలా శాఖ వెలువరించిన బిళ్ళను కాలిఫోర్నియాలో ఉన్న ఒకరు వేలానికి పెట్టారనుకుందాం. స్థానికంగా అనుకూలమని ఆదివారం సాయంత్రం 6 గంటలకు ముగింపు పెడితే, అమెరికా తూర్పు తీరంలో రాత్రి 9 అవుతుంది. వేసవి కాలమానంలో అది బ్రిటన్‌లో అర్ధరాత్రి దాటాక 2 గంటలు. భారతదేశంలో సోమవారం ఉదయం 6.30. బ్రిటన్ సేకర్త నిద్రలో ఉంటాడు, భారతదేశంలోని సేకర్త పనికి బయలుదేరే హడావుడిలో ఉంటాడు.

అదే ముగింపును ఆదివారం ఉదయం 10 గంటలకు మార్చితే తూర్పు తీరంలో మధ్యాహ్నం 1, బ్రిటన్‌లో సాయంత్రం 6, భారతదేశంలో రాత్రి 10.30 అవుతుంది. నాలుగు చోట్లా మనుషులు మెలకువగా ఉండే సెలవురోజు గడియ అది. అమెరికా సాయంత్రపు రద్దీ నుంచి కూడా వస్తువు తప్పుకుంటుంది. శీతాకాలంలో అమెరికా గడియారం ఒక గంట వెనక్కు జరుగుతుంది. అప్పుడు భారతదేశంలో రాత్రి 11.30 అవుతుంది కనుక ముగింపును ఒక గంట ముందుకు జరుపుకోవాలి. ఒకే ఊరి కొనుగోలుదార్లు ఆశించే పాత ఫర్నిచరు వంటి వస్తువుకు ఈ లెక్క అవసరం లేదు. రెండో మనిషి ఎక్కడున్నాడన్నదే ఈ లెక్కకు మొదలు.

8. మార్కెట్ యార్డుకు ఈ చర్చ వర్తిస్తుందా?

2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఇ-నామ్, ద్వారా వ్యవసాయ ఉత్పత్తులకు కూడా ఆన్‌లైన్ వేలం వచ్చింది. నిజామాబాదు పసుపు మార్కెట్ అందులో చేరిన యార్డులలో ప్రముఖమైనది. ఇక్కడ ముగింపు గంట రైతు చేతిలో లేదు, దానిని యార్డు నిర్ణయిస్తుంది. రైతు ఎంచుకోగలిగినది సరుకు తెచ్చే రోజును మాత్రమే.

పంట చేతికి వచ్చే నెలలలో నిజామాబాదు పసుపు యార్డులోను, గుంటూరు మిర్చి యార్డులోను బస్తాలు పోటెత్తడం, ధర జారడం ఏటా చూస్తున్నదే. పైకి ఇది సైమన్‌సన్ చూపిన రద్దీలాగే కనిపిస్తుంది. అందరూ ఒకేసారి రావడం వల్ల అందరికీ నష్టం. అయితే ఈ పోలికను ఇక్కడితో ఆపి, రైతు కూడా పోటీని విస్మరిస్తున్నాడని తేల్చడం న్యాయం కాదు. తోటి రైతులు అదే వారంలో వస్తారని రైతుకు తెలుసు. తెలిసినా ఆగలేడు. అప్పు గడువు, కూలీలకు ఇవ్వవలసిన సొమ్ము, శీతల గిడ్డంగి అద్దె అతన్ని తొందరపెడతాయి. ఈబే అమ్మకందారుకు లోపించినది ఇంకొక మెట్టు ఆలోచన. రైతుకు లోపించినది ఆగగలిగే ఆర్థిక శక్తి. మొదటిదానికి సమాచారం చాలు. రెండవదానికి సమాచారంతో పాటు నిలవకు చోటు, నిలవ ఉంచిన సరుకుపై రుణం కావాలి. గిడ్డంగి రసీదును చేతులు మార్చగల పత్రంగా గుర్తించిన 2007 నాటి గిడ్డంగుల చట్టం ప్రాధాన్యం ఇక్కడే అర్థమవుతుంది. ధర తక్కువ పలికినప్పుడు ‘సరైన సమయంలో అమ్ముకోలేదు’ అని రైతును తప్పుపట్టే ముందు, సమయాన్ని ఎంచుకునే స్వేచ్ఛ అతనికి ఉన్నదా అని చూడడం పరిశోధకుల బాధ్యత.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. గడియారంతో ముగిసే వేలంలో కాలనిర్ణయం ముఖ్యం. పాటదారుల మౌనంతో ముగిసే వేలంలో దాని ప్రాముఖ్యం తక్కువ. ముగింపు నియమాన్ని తెలుసుకోవడమే మొదటి పని.

2. ధరను నిర్ణయించేది రెండవ పాటదారు. అతడు ఏ ప్రాంతంలో, ఏ వేళకు తీరికగా ఉంటాడో ఊహించి ముగింపు గడియను పెట్టాలి.

3. కొనేవారి సంఖ్యను విడిగా చూడరాదు. అదే వేళకు ముగిసే సాటి వేలాల సంఖ్యతో భాగించి చూడాలి. సాధారణ వస్తువుకు రద్దీ గడియ పక్కనున్న గంట తరచు మేలు. అరుదైన వస్తువుకు రద్దీ గడియ హాని చేయదు.

4. అరుదైన వస్తువుకు ఎక్కువ వ్యవధి అనుకూలం.

5. ఏ గడియా శాశ్వతంగా ఉత్తమం కాదు. ఒక గడియ మంచిదని అందరికీ తెలిసిన నాటి నుంచే దాని మేలు తరుగుతుంది.

‘పాట’, ‘పాటదారు’, ‘హెచ్చుపాట’ అన్న తెలుగు మాటలతోనే ఈ చర్చను సాగించడం సాధ్యమైంది. వాణిజ్యశాస్త్రాన్ని తెలుగు మాధ్యమంలో బోధించే అధ్యాపకులు ఈ పదాలను పాఠాలలోకి తీసుకుంటే విద్యార్థికి సంత నుంచి తెర దాకా ఉన్న దారి సుగమమవుతుంది. యార్డులలోను, గుత్త వేలాలలోను నేటికీ వాడుకలో ఉన్న ప్రాంతీయ వేలం పదాలను సేకరించి, వాటిని ఈ కొత్త ప్రక్రియలకు అన్వయించడం తదుపరి పరిశోధనకు తగిన అంశం.